పంచరైనా ఉరికే టైరు: పెట్టాల్నా, తీసెయ్యాల్నా?

రీల్స్‌ల స్పోర్ట్స్ కార్లు చూడని పిలగాడు ఇప్పుడు ఏ ఊర్లె లేడు. ఏ కారుకు ఎన్ని సిలిండర్లు, సున్నా నుంచి నూరు అందుకునేతందుకు ఎన్ని సెకండ్లు, అన్నీ నోటికి చెప్తరు. మంచిదే. కానీ తమ్ముండ్లు, చెల్లెండ్లు, ఆ ఇంజను బలమంతా రోడ్డు మీదికి దిగేది నాలుగు చోట్లనే. ఒక్కో టైరు రోడ్డును తాకే జాగ అరచెయ్యంత, లేకుంటే జర ఎక్కువ ఉంటది. గంతే. బ్రేకు పట్టేది గా జాగనే, మలుపుల బండిని ఆపేది గా జాగనే. దాని గురించి మాత్రం ఎవ్వలు రీల్ చెయ్యరు. ఇయ్యాల గా ముచ్చటే చెప్తున్న.

మా మేనల్లుడు టెక్సాస్‌ల ఉంటడు. చిన్నప్పటి నుంచి మోజు, మొన్ననే ఒక పాత షెవర్లే కార్వెట్ కొన్నడు, 2008 మోడల్. టైర్లు మార్చే టైమొచ్చింది. "మామా, దీనికి రన్‌ఫ్లాట్ టైర్లున్నయి. మళ్ల అవే వెయ్యాల్నా, మామూలివి వేస్తే పోతదా? సగం మంది అట్లంటున్నరు, సగం మంది ఇట్లంటున్నరు" అని అడిగిండు. నేను ఇంజనీరును కాదు. ఇరువై ఏండ్ల వయసుల హైవే మీద టైర్ల దుకాణంల మూడేండ్లు పనిజేసిన. మిగతాదంతా కంపెనీల పుస్తకాలు చదివి, మెకానిక్‌లను అడిగి తెలుసుకున్నదే. వానికి చెప్పిందే మీకు కూడ చెప్తున్న. ఎందుకంటే ఇది అమెరికాల స్పోర్ట్స్ కారు ముచ్చట లెక్క కొడ్తది గానీ, చివరికి మన ఊరి తొవ్వ మీదికే వస్తది.

బరువు మోసేది రబ్బరు కాదు, గాలి

మొదలు ఒక మాట అర్థం చేసుకోవాలె. కారు బరువు మోసేది టైరు కాదు, టైరు లోపలి గాలి. ఖాళీ బియ్యం సంచి నిలబడదు, బియ్యం పోస్తెనే నిలబడతది. టైరు గూడ గంతే. గాలి పోయిందంటే పక్క గోడ, అంటే సైడ్‌వాల్, మడత పడతది. ఇగ రిమ్ము అంచు, రోడ్డు నడిమిట్ల ఆ గోడ నలుగుతది. రెండు మూడు కిలోమీటర్లు గట్లనే తోలితే టైరు పీలికలైతది, రిమ్ము గూడ ఖరాబైతది.

రన్‌ఫ్లాట్ టైరు చేసే పనల్లా ఒక్కటే. దాని సైడ్‌వాల్ లోపల వేడిని తట్టుకునే రబ్బరును మందంగ పోస్తరు. గాలి మొత్తం పోయినా ఆ గోడే కారు బరువును కొంతసేపు మోస్తది. ఎంతసేపు? చానా కంపెనీలు చెప్పే లెక్క ఒక్కటే: గంటకు 80 కిలోమీటర్ల వేగం దాటకుండ, 80 కిలోమీటర్ల దూరం. దుకాణం కాడికి చేరేతందుకు గంత చాలు అని లెక్క.

ఆ హద్దు ఎందుకు పెట్టిండ్రు? ఇనుప తీగెను అటు ఇటు వంచుకుంట పోతే వంచిన కాడ కాలుతది కదా? గాలి లేని టైరు గోడ గూడ ఒక్కో చుట్టుకు ఒక్కోసారి వంగి లేస్తది. వేగం పెరిగితే వేడి పెరుగుతది. వేడి ఎక్కువైతే లోపలి రబ్బరు, పోగులు విడిపోతయి. ఇది బయటికి కనపడదు. ఈ మాట యాది పెట్టుకోండ్రి, మళ్ల అవసరం పడతది.

స్పోర్ట్స్ కారుకే ముందుగాల ఎందుకొచ్చింది?

1986ల వచ్చిన పోర్షె 959 అనే కారు పంచరైనా నడిచే టైర్లతోటి, గాలి తగ్గితే చెప్పే సెన్సర్లతోటి వచ్చింది. కార్వెట్‌ల 1994 నుంచి గుడ్‌ఇయర్ కంపెనీ రన్‌ఫ్లాట్లు కావాలంటే పైసలు కట్టి పెట్టించుకునే పద్ధతి ఉండె. 1997ల ఐదో తరం కార్వెట్ వచ్చినప్పుడు అవే మామూలు సరుకైనయి. ఆ కార్ల స్టెప్నీ లేదు, జాకీ గూడ లేదు.

ఎందుకు తీసేసిండ్రు? కార్వెట్‌కు ముందట టైర్లు ఒక సైజు, ఎనుక టైర్లు ఒక సైజు. మా వాని కారుకు ముందట 245/40 జడ్‌ఆర్ 18, ఎనుక 285/35 జడ్‌ఆర్ 19. ఈ అంకెలు చదువుడు నేర్చుకోండ్రి, ఏ బండికైనా పనికొస్తది. 245 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లల్ల. 40 అంటే సైడ్‌వాల్ ఎత్తు ఆ వెడల్పుల నూటికి నలభై పాళ్లు, అంటే 98 మిల్లీమీటర్లు. 18 అంటే రిమ్ము ఎన్ని ఇంచులో అది. మన కాడ చిన్న కార్లకుండే 165/80 ఆర్14 టైరుకు గోడ ఎత్తు 132 మిల్లీమీటర్లు. చూసిండ్రా తేడా? ఇగ రెండు సైజులున్న కారుకు ఒక్క స్టెప్నీ పెట్టుకుంటే అది సగం బండికే పనికొస్తది. రెండు పెట్టుకునేతందుకు డిక్కీల జాగ లేదు, పైనుంచి బరువు. అందుకే టైరునే గట్టిగ చేసిండ్రు.

మరి జనం ఎందుకు పీకేస్తున్నరు?

ఒకటి, కటువుతనం. గోడ గట్టిగున్నదంటే గుంతల పడ్డప్పుడు దెబ్బను అది మింగదు, నేరుగ నడుముకు పంపుతది. రెండు, బరువు. చక్రం దగ్గర బరువు పెరిగితే స్ప్రింగులకు, షాకులకు పని పెరుగుతది. మూడు, ధర. అదే సైజు మామూలు టైరు కన్న రన్‌ఫ్లాట్ పిరం. నాలుగు, పంచరైతే చానాసార్లు పారేసుడే.

ఇంకో ముచ్చట చెప్తే మీరే ఆలోచన చేస్తరు. 2001ల అదే కార్వెట్ల ఇంకింత జోరుండే జడ్06 అనే రకాన్ని తెచ్చినప్పుడు కంపెనీయే దానికి రన్‌ఫ్లాట్లు పెట్టలేదు. మామూలు టైర్లు పెట్టి, పంచరు మందు డబ్బా, చిన్న గాలి పంపు ఇచ్చింది. నాలుగు టైర్ల మీద కలిపి దగ్గరదగ్గర పది కిలోల బరువు తగ్గింది. బీఎండబ్ల్యూ గూడ గంతే. మామూలు మోడళ్లకు ఏండ్ల తరబడి రన్‌ఫ్లాట్లు పెట్టుకుంట, జోరుగ ఉరికే ఎమ్ రకాలకు మాత్రం మామూలు టైర్లే పెట్టింది. అంటే రన్‌ఫ్లాట్ అనేది వేగం కోసం చేసిన టైరు కాదు, ఇంటికి చేరేతందుకు చేసిన టైరు. ఈ ఒక్క మాట తెలిస్తే సగం లొల్లి తీరినట్టే.

మార్చేటప్పుడు చూడాల్సినవి

మా వానికి కాగితం మీద రాసుకొమ్మని ఇవే చెప్పిన.

ముందుగాల, ఉన్న టైరు ఏ రకమో చూడాలె. సైడ్‌వాల్ మీద గుర్తులుంటయి. గుడ్‌ఇయర్‌ది అయితే ఈఎంటీ, లేకుంటే ఆర్‌ఓఎఫ్. బ్రిడ్జ్‌స్టోన్‌ది ఆర్‌ఎఫ్‌టీ. మిషలిన్‌ది జడ్‌పీ. కాంటినెంటల్‌ది ఎస్‌ఎస్‌ఆర్. గుర్తు లేకుంటే మామూలు టైరే అనుకోవాలె. సెకండ్‌హ్యాండ్ కార్ల పాత ఓనరు మామూలివి వేసి, మందు డబ్బా పెట్టకుండ అమ్మినోళ్లు ఉంటరు. అసోంటి కారుకు స్టెప్నీ లేదు, రన్‌ఫ్లాట్ లేదు, పంపు లేదు. అర్ధరాత్రి పంచరైతే దేవుడే దిక్కు.

రెండోది, నాలుగూ ఒక్క తీరే ఉండాలె. రెండు రన్‌ఫ్లాట్లు, రెండు మామూలివి కలపొద్దు. గట్టి గోడ ఒక తీరు వంగుతది, మెత్త గోడ ఇంకో తీరు వంగుతది. మలుపుల ముందటి భాగం ఒక మాట వింటది, ఎనుకటి భాగం ఇంకో మాట వింటది. నిమ్మళంగ పోతే తెల్వదు. వానల జోరు మీదున్నప్పుడు తెలుస్తది, అప్పటికి చెయ్యి దాటుతది.

మూడోది, గాలి సెన్సర్. రన్‌ఫ్లాట్ గోడ కుంగదు కాబట్టి గాలి పోయిన సంగతి కంటికి కనపడదు, స్టీరింగుల గూడ సరిగ తెల్వదు. సెన్సర్ చెప్తెనే తెలుస్తది. సెన్సర్ పనిచెయ్యని కారుకు రన్‌ఫ్లాట్ పెట్టుడంటే కండ్లకు గంతలు కట్టుకొని తోలినట్టే. సెన్సర్ల లోపల చిన్న బ్యాటరీ ఉంటది, ఏడు నుంచి పదేండ్లల్ల అయిపోతది. టైరు ఊడదీసినప్పుడే అదీ మార్పిస్తే రెండో కూలి తప్పుతది. మామూలు టైర్లు వేసినా సెన్సర్లను తీసెయ్యొద్దు.

అమెరికాల ఈ సెన్సర్ల చట్టం ఊకె రాలేదు. ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బండ్లకున్న ఫైర్‌స్టోన్ టైర్ల ట్రెడ్ ఊడిపోయి, బండ్లు పల్టీలు కొట్టి, రెండు వందల మందికి పైగ సచ్చిపోయిండ్రు. 2000 ఆగస్టుల లక్షల టైర్లను కంపెనీ ఎనుకకు పిలిచింది. ఆ ఏడే అమెరికా పార్లమెంటు కొత్త చట్టం చేసింది. 2007 సెప్టెంబర్ నుంచి అక్కడ అమ్మే ప్రతి కొత్త కారుకు గాలి సెన్సర్ ఉండాల్సిందే. డ్యాష్‌బోర్డు మీద వెలిగే ఆ చిన్న పసుపు గుర్తు ఎనుక గంత మంది ప్రాణాలున్నయి.

నాలుగోది, తారీఖు. సైడ్‌వాల్ మీద డీఓటీ అని రాసినకాడ చివర్ల నాలుగు అంకెలుంటయి. 2319 అని ఉంటే 2019ల ఇరువై మూడో వారం తయారైందని అర్థం. స్పోర్ట్స్ కారు వారానికొక్కసారి బయటికొస్తది. గ్రిప్పు కొత్తగనే కనపడతది, రబ్బరు మాత్రం లోపల ముసలిదైతది. ఐదేండ్లు దాటినంక ఏడాదికోసారి చూపియ్యాలె, పదేండ్లు దాటితే గ్రిప్పు ఉన్నా తీసెయ్యాలె అని టైరు కంపెనీలే చెప్తయి. ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ పాల్ వాకర్ మీకందరికి తెలుసు. 2013 నవంబర్ 30న ఆయన పక్క సీట్ల కూసున్న పోర్షె కరేరా జీటీ కాలిబూడిదైంది. అతివేగం ఒక కారణమైతే, ఆ కారు టైర్లు తొమ్మిదేండ్ల పాతవి అని గూడ విచారణల రాసిండ్రు. కోట్ల కారుకైనా ముసలి రబ్బరు ముసలి రబ్బరే.

ఐదోది, ఎక్కించే పని. రన్‌ఫ్లాట్ గోడ మొండిది. బీడింగును రిమ్ము మీదికి ఎక్కిచ్చేతందుకు అదనపు చెయ్యి ఉన్న మిషన్ కావాలె. రాడ్లు పెట్టి కొట్టి ఎక్కిస్తే రిమ్ము గీసుకపోతది, సెన్సర్ పగులుతది, బీడింగు తెగుతది. కార్వెట్‌ను ఏడపడితే ఆడ జాకీ పెట్టి లేపొద్దు. చక్రాల దగ్గర ఛాసీకి దాని జాగలు ఉన్నయి, అక్కడ దిమ్మ పెట్టి లేపాలె. పక్కన పెడితే బాడీ పలుగుతది. నట్లు ఎదురెదురుగ బిగియ్యాలె, ఒక్క దిక్కు నుంచి వరుసగ కాదు. మా వాని కారుకు 136 న్యూటన్ మీటర్ల బిగువు, కొలిచే పానాతోటే బిగియ్యాలె. గాలి నాలుగింటికి 30 పీఎస్ఐ, టైరు చల్లగున్నప్పుడు.

ఆరోది అన్నిటికన్న పెద్దది. గాలి లేకుండ నడిచిన రన్‌ఫ్లాట్‌కు పంచరు వేసి మళ్ల వాడొద్దు. ఇందాక యాది పెట్టుకోమన్న గదా? లోపలి పోగులు వేడికి విడిపోయిన సంగతి బయటికి కనపడదు. మొల దిగంగనే సెన్సర్ చెప్పి, గాలి తగ్గకముందే ఆపితే, దెబ్బ ట్రెడ్ నడిమిట్ల ఉంటే, కొన్ని కంపెనీలు రిపేరుకు ఒప్పుకుంటయి. కొన్ని అసలే ఒప్పుకోవు. గోడకు తాకిన దెబ్బకైతే ఏ టైరుకైనా రిపేరు లేదు.

ఇగ మా వాడు ఏం చేసిండు?

కారు కడుపుల చల్ల కదలకుండ పోవాలంటే మామూలివి మంచివే. ఆదివారం తిరిగేటోడు, పిలిస్తే వచ్చే సర్వీసు ఉన్నోడు మామూలు టైర్లు వేసుకొని, మందు డబ్బా, పంపు ఎనుక పెట్టుకుంటే తప్పు లేదు. కానీ వాని భార్య నర్సు. రాత్రి డ్యూటీ దిగి ఒక్కతే గదే కార్ల వస్తది. నలభై నిమిషాల హైవే. "నీ నడుము నొప్పి పెద్దదా, ఆ బిడ్డ నడిరాత్రి రోడ్డు పక్కన నిలబడుడు పెద్దదా?" అని అడిగిన. మళ్ల రన్‌ఫ్లాట్లే వేసిండు. ఆలోచన ఎట్ల చెయ్యాల్నో చెప్పుతున్న: టైరును చూసి కాదు, ఎవరు తోల్తరు, ఏ తొవ్వల, ఏ యాళ్ల, అది చూసి తేల్చుకోవాలె.

మన తొవ్వ మీదికి

మన దేశంల 2016 డిసెంబర్‌ల నిస్సాన్ జీటీ-ఆర్ అమ్మకానికొచ్చింది, 1.99 కోట్లకు. దానికీ రన్‌ఫ్లాట్లే. గది మనకు సంబంధం లేదు అనుకుందాం. కానీ 2020 జులైల కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు మార్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి సెన్సర్లు, పంచరు కిట్టు ఉంటే మూడున్నర టన్నుల లోపు కారుకు స్టెప్నీ అవసరం లేదు. కార్వెట్ కాడ 1997ల మొదలైన పద్ధతి, ఇరువై మూడేండ్లకు మన చిన్న కార్ల కాడికి వచ్చిందన్న మాట. తేడా ఒక్కటే. కార్వెట్‌కు స్టెప్నీ తీసేసినప్పుడు పంచరైనా నడిచే టైరు ఇచ్చిండ్రు. మనకు స్టెప్నీ తీసేసి, మందు డబ్బా ఇస్తున్నరు.

మందు డబ్బా దేనికి పనికొస్తది? ట్రెడ్ నడిమిట్ల మొల దిగిన బొక్కకు, ఐదారు మిల్లీమీటర్ల దాక. ఆరింగు రోడ్డు మీద, పట్నంల అది చాలు. కానీ మన ఊరి తొవ్వ? కంకర తేలిన రోడ్డు అంచు, తెగిన కల్వర్టు, వానకు నీళ్లు నిండిన గుంత. వీటితోటి తెగేది ట్రెడ్ కాదు, గోడ. గోడ తెగితే డబ్బా మందు పొయ్యంగనే కారుతది. గప్పుడు కార్ల గర్భిణి ఉంటే? గా డ్రైవరు ఏం జెయ్యాలె? నిబంధన "అవసరం లేదు" అన్నది గానీ "పెట్టొద్దు" అనలేదు. కాబట్టి ట్యాక్సీ కోసమో, ఇంటి కోసమో కారు కొనే తమ్ముండ్లు షోరూంల పాటల డబ్బా ఎంత పెద్దదని అడిగే ముందు, స్టెప్నీ ఉన్నదా అని అడగాలె. లేకుంటే జాకీతో సహా కొనుక్కొని పెట్టుకోవాలె. డిక్కీల ఒక సంచి జాగ తగ్గితే తగ్గనీ.

డ్రైవరన్నకు, టైర్ల పనిచేసే తమ్మునికి

మన ఊర్ల నుంచి పోయినోళ్లు చానామంది హైదరాబాద్‌ల పెద్దోళ్ల కార్లు తోల్తున్నరు, టైర్ల దుకాణాలల్ల పనిజేస్తున్నరు. రన్‌ఫ్లాట్ ముచ్చటల ఎక్కువ ఇరికేది వాళ్లే. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతికి లైసెన్సు కావాలె. పెద్ద కార్ల రన్‌ఫ్లాట్లు చానా మటుకు బయటి దేశం నుంచి వచ్చేటివే. దొరకుడు ఆలస్యమైతే ఓనరు ఏమంటడు? "ఎట్లనో ఒకట్ల నడిపియ్యి" అంటడు. పంచరు పుల్ల పెట్టమంటడు, ఒక్కటి మామూలిది కలపమంటడు. ఏమన్న జరిగితే మాత్రం పేరు డ్రైవరుకొస్తది, లేకుంటే దుకాణపు పిలగానికొస్తది.

అందుకే చెప్తున్న. గాలి లేకుండ నడిచిన టైరును ఊడదీసినప్పుడు లోపల చెయ్యి పెట్టి చూడు. రబ్బరు పొడి రాలినా, గోడ చుట్టూత గీత పడ్డా, రంగు మారినా ఆ టైరు సచ్చిపోయినట్టే. లోపల బాగనే కనపడ్డా నమ్మొద్దు. ఫోటో తియ్యి, తారీఖు తోటి వాట్సాప్‌ల ఓనరుకు పంపు. "ఇది రిపేరుకు పనికిరాదు" అని ఒక్క మాట రాయి. అది పెద్ద ఇంగ్లీషుల ఉండాల్సిన పని లేదు, తెలుగుల రాసినా సాక్ష్యమే. డ్రైవరన్న గూడ అంతే: సెన్సర్ గుర్తు వెలిగినప్పుడు మీటరు రీడింగు ఫోటో తీసుకో. ఎన్ని కిలోమీటర్లు తోలినవో రేపు లెక్క చెప్పేతందుకు.

పని నేర్చుకునేటోళ్లకు ఇంకో మాట. రన్‌ఫ్లాట్ ఎక్కిచ్చే మిషన్, సెన్సర్ మార్చుడు, బిగువు కొలిచే పానా, ఇవి తెలిసిన చేతులు మన జిల్లాలల్ల తక్కువ. పదో తరగతి తప్పినోడు గూడ నేర్చుకోవచ్చు. ఇంజనీరింగు చదివినోని కన్న ఈ పనిల చెయ్యి తిరిగినోనికే విలువ. సైడ్‌వాల్ మీది అంకెలు చదువుడుతోటి మొదలు పెట్టండ్రి. ఇయ్యాలనే బయటికి పోయి, మీ ఇంటి ముందట ఏ బండి ఉన్నా సరే, దాని టైరు పక్కన కూసొని తయారైన తారీఖు చూడుండ్రి. నాయిన ట్రాలీ, అన్న ఆటో, పక్కింటోళ్ల కారు, ఏదైనా సరే. మన బతుకులు రోజూ గా రబ్బరు మీదనే పోతున్నయి. దాని వయసెంతో తెల్వకుండ తిరుగుడు మంచిది కాదు.